కుక్క వైద్యంలో నేను చెప్పని సగం

మా ఊళ్లో కుక్కకు మూత్రం కట్టుకుంటే ఉలవకట్టు తాగించాలని అందరికీ తెలుసు. ఉలవలు మెత్తగా ఉడికించి, ఉప్పు వెయ్యకుండా వార్చిన నీళ్లు. చల్లార్చి రోజుకు మూడుసార్లు పోయాలి. పల్లేరు కాయలు దంచి కాచిన కషాయం అందులో కొద్దిగా కలపాలి. కొండపిండి ఆకు దొరికితే ఉడికించి అన్నంలో పిసికి పెట్టాలి. ఎండుచేప ముట్టనివ్వకూడదు. ఇదంతా మా వదిన చెప్పిన వైద్యం. అడగడానికి వచ్చినవాళ్లకు ఓపిగ్గా చెప్పి, చివర ఒక మాట కలిపేది.

"కట్టెయ్యబాకండి. నేను కట్టేసి చంపుకున్నా."

ఆ చివరి మాట నిజం కాదు. నిజం కాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆమె బతికుండగా ఆ సంగతి నేను చెప్పలేదు.

మాది సముద్రం ఒడ్డు. తూర్పున అలలు, పడమర పడవల కాలువ, మధ్యలో మైలు వెడల్పున ఇసుక. ఆ ఇసుకలో మా ఇళ్లు. నెల్లూరు పోవాలంటే కాలువ దాటి, ఎండుచేపలు తోలే బండి ఎక్కి, వెంకటాచలం దాకా పోయి పెద్ద రోడ్డు పట్టుకోవాలి. ఇంట్లో అన్న తెప్ప మీద వేటకు పోయేవాడు. వదిన చేపలు ఎండబెట్టేది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. వదిన మా ఇంటికి వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. నన్ను చదివించాలని పట్టుబట్టింది ఆమే. యాభైల చివర ట్రైనింగు ముగించుకుని మా ఊరి స్కూలుకే టీచరుగా వచ్చాను. తాటాకు కొట్టం, ఒక బోర్డు, ఒక కుర్చీ. వల పట్టనివాడు మా వంశంలో నేనే మొదటివాణ్ని. ఆ విషయం మా అన్న నవ్వుతూ అనేవాడు, నేను నవ్వకుండా వినేవాణ్ని.

కుక్కపిల్ల కాలువ గట్టు మీద దొరికింది. కట్టెల పడవ వాళ్లు దింపి పోయుంటారు. ఎర్రటిది, ఒక చెవి విరిగి వాలి ఉండేది. చొక్కాలో పెట్టుకుని తెస్తే వదిన వాకిట్లోనే ఆపింది.

"యాడ పెంచుతావు దీన్ని? దిబ్బ మీదనా?"

దిబ్బ అంటే మా ఇంటి ముందు చేపలు ఎండబోసే ఇసుక మెరక. పొద్దున తెప్పలు వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం ఎత్తేదాకా దాని మీద చేపలే. అదే మా పొలం. ఎండుతున్న చేప మీద కుక్క కాలెత్తితే ఆ చేప ఒక్కటే పోవడం కాదు. పక్క దిబ్బవాళ్లు చూస్తే ఆ మాట కాలువ దాటుతుంది. కావిళ్లవాళ్లు, బండివాళ్లు ఆ దిబ్బ సరుకంటే మొహం తిప్పుకుంటారు. ఒక ఇంటికి అట్లా జరిగింది. రెండేళ్లు వాళ్ల చేపను మా ఊరివాళ్లే కొనలేదు.

"ఒక్క చుక్క పడకుండా నేర్పుతాను వదినా," అన్నాను.

"కుక్కకా? నేర్పు చూస్తా. పడిన రోజు కాలువ దాటించి వొస్తా, నీ ఇష్టం."

అట్లా మొదలైంది. పొద్దు పొడవక ముందు సరుగుడు తోపుకు తీసుకుపోయేవాణ్ని. అక్కడ పని కానిస్తే బెల్లం ముక్క. మళ్లీ సాయంత్రం చేపలు ఎత్తాక తోపుకు. ఆ రెండు వేళల మధ్య అది దిబ్బ దగ్గర ఉండి కాకుల్ని, ఊరకుక్కల్ని తోలాలి, చేప ముట్టకూడదు, కాలెత్తకూడదు. సరుగుడు మండతో రెండుసార్లు కొట్టాను. మూడోసారి అవసరం పడలేదు. నాలుగు నెలల్లో నేర్చుకుంది.

అందులో నా తెలివి ఒకటుంది. నీళ్లు తక్కువ తాగితే ఆపుకోవడం తేలిక గదా అనుకున్నాను. పగలు దానికి నీళ్లు పెట్టకుండా, సాయంత్రం తోపుకు పోయే ముందు మాత్రం కడుపునిండా పెట్టేవాణ్ని. ఎవరూ నాకు చెప్పలేదు, పుస్తకంలో చదవలేదు. నేనే ఆలోచించి పెట్టాను. మా ఊళ్లో అది తప్పుగా కనిపించదు కూడా. తాగే నీళ్లు దొరువు నుంచి రావాలి. ఇసుకలో వెడల్పుగా తవ్విన గుంట అది. ఎండాకాలంలో ఊట తగ్గి, బిందె నిండటానికి ఆడవాళ్లు గంటలు కూర్చునేవాళ్లు. ఆ నీళ్లు కుక్కకు కొలిచి పొయ్యడం పొదుపుగానే కనిపించింది.

ఊళ్లో నాకు పేరొచ్చింది. పాఠాలు చెప్పినందుకు కాదు, కుక్కకు నేర్పినందుకు. దిబ్బ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు వదినను ఆటపట్టించేవాళ్లు.

"ఏమ్మే, నీ మరిది కుక్కకు గూడా బడి పెట్టినాడంట?"

"పెట్టినాడు. మీ పిల్లోళ్లకంటే అదే ముందు పాసయింది," అనేది వదిన.

అప్పటికి ఆమెకు కూడా ఆ కుక్కంటే ప్రాణమైపోయింది. మేమంతా "అది" అంటుంటే ఆమె మాత్రం "వాడు" అనేది. చేప తలకాయలు ఎండబెట్టినవి, ఉప్పుపట్టినవి, నలిపి సంగట్లో కలిపి పెట్టేది. కుక్కకు అంతకన్నా ఇష్టమైన తిండి లేదు. పగలంతా ఎండలో నాలుక వేలాడేసుకుని కూర్చునేది. కడవ వైపు చూసేది. చూసి ఊరుకునేది. నేను స్కూలు నుంచి వచ్చేదాకా చూసే ఆ చూపును నేను అప్పట్లో క్రమశిక్షణ అనుకున్నాను.

అట్లా నాలుగేళ్లు గడిచాయి.

అరవైల మొదట్లో ఒక వేసవి. మొదట చూసింది వదినే.

"అబ్బయ్యా, వాడికి ఒంట్లో బాగలే. తోపులో ఊరికే నిలబడతా ఉండాడు. పోసేది రెండు చుక్కలు, నిలబడేది గంట."

"వేడి చేసుంటుంది," అన్నాను. మజ్జిగ పోశాము. పది రోజులు అట్లాగే జరిగింది. తర్వాత ఒక పొద్దున తోపులో ఇసుక మీద పడ్డ చుక్కలు ఎర్రగా ఉన్నాయి. వదిన కాలితో ఆ ఇసుక కప్పేసి, "పశువుల డాక్టరు దగ్గరికి తీసకపో," అంది. ఊళ్లో ఆవును డాక్టరుకు చూపించినవాళ్లే లేరు.

అన్న చేపల బండిలో చోటిప్పించాడు. బస్తాల మధ్య కూర్చుని నెల్లూరు పోయాము. పశువుల ఆసుపత్రి డాక్టరు పెద్దాయన. కుక్క పొట్ట కింద వేళ్లు పెట్టి నెమ్మదిగా నొక్కుతూ, కళ్లు మూసుకుని చూశాడు.

"రాళ్లున్నాయి. మూత్రసంచిలో చేతికి తగులుతున్నాయి. చూడండి, ఇక్కడ."

నా వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టాడు. తడి ఇసుక మూట కట్టినట్టు లోపల ఏదో కదిలింది.

"తిండేమిటి?"

చెప్పాను.

"ఉప్పుచేప మానెయ్యండి. నీళ్లెట్లా తాగుతుంది? పగలు తాగుతుందా?"

"కావలసినన్ని తాగుతుంది," అన్నాను.

అది అబద్ధం. ఆలోచించి చెప్పిన అబద్ధం కూడా కాదు. నోట్లోంచి వచ్చేసింది. నాలుగేళ్లుగా ఊరు మెచ్చుకున్న పనిని, చదువుకున్న ఒక పెద్దమనిషి ముందు తప్పని నేనే ఒప్పుకోవలసి వస్తుందని భయపడ్డాను.

ఆయన నా మొహం చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. చేతులు కడుక్కుంటూ చెప్పాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ వరస తప్పకుండా గుర్తున్నాయి.

"కోసి తియ్యాలంటే మద్రాసు తీసుకుపోవాలి. అంతదూరం మీరు పోలేరనుకుంటాను. బార్లీ నీళ్లు పొయ్యండి. మీ ఇళ్లల్లో ఉలవకట్టు, పల్లేరు కషాయం పోస్తారు గదా, పొయ్యండి, చెడు చెయ్యదు. చిన్నవైతే వాటంతటవే పడిపోవచ్చు. కాని రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఆపుకోనివ్వకండి. పగలు నాలుగైదు సార్లు బయట తిప్పండి. రెండు, ఒక పూటంతా చుక్క పడలేదంటే రాయి దారికి అడ్డం పడిందని. అప్పుడు కషాయం పోస్తూ కూర్చోకండి. పోసేకొద్దీ సంచి ఉబ్బుతుంది. వెంటనే తీసుకురండి, గొట్టం వేసి చూస్తాను. తెల్లారి తెద్దాం అనుకుంటే కుదరదు."

ఇంటికి వచ్చాక వదిన అడిగింది, డాక్టరు ఏం చెప్పినాడని. తిండి సంగతి చెప్పాను. ఉప్పుచేప వద్దన్నాడని, బార్లీ, ఉలవకట్టు పొయ్యమన్నాడని చెప్పాను. మిగతా సగం చెప్పలేదు. ఆపుకోనివ్వద్దన్నాడని చెబితే, ఆపుకోవడం వల్లనే జబ్బు వచ్చిందా అని ఆమె అడుగుతుంది. ఆమె తెలివైన మనిషి, తప్పకుండా అడుగుతుంది. ఆ ప్రశ్న రాకుండా ఆ మాట మింగేశాను. దానితోపాటు రెండోదీ నా దగ్గరే ఉండిపోయింది. అది చెప్పడానికి అడ్డమేమీ లేదు. మొదటిదాని పక్కనే ఉన్నందువల్ల అదీ చెప్పలేదు.

నేను చెయ్యవలసింది మాత్రం చేశాను, కొన్నాళ్లు. నీళ్ల చట్టి పగలంతా దాని ముందే పెట్టాను. మధ్యాహ్నం స్కూలు వదిలినప్పుడు వచ్చి తోపుకు తీసుకుపోయేవాణ్ని. "ఇప్పుడెందుకు తిప్పడం?" అని వదిన అడిగితే, "గాలికి," అన్నాను.

వైద్యమంతా వదినదే. వాళ్ల నాయనకు ఇదే జబ్బు చేసి, వాళ్లమ్మ పల్లేరు కషాయంతో కుదిర్చిందట. మా ఇసుకలో పల్లేరుకు కొదవ లేదు. ఆ ముళ్లకాయలు గుచ్చుకోని పాదం మా ఊళ్లో లేదు. పొద్దున్నే చేట తీసుకుని పోయి ఏరుకొచ్చేది. కొండపిండి ఆకు కాలువ అవతల గట్టున దొరికేది. తెల్లటి పూల కంకులుండే చిన్న మొక్క. కాలువ దాటే ఆడవాళ్లందరికీ చెప్పి తెప్పించేది. అరటి దూట రసం మంచిదని ఎవరో అన్నారు. ఇసుకలో అరటి ఎక్కడిది? అన్నకు చెబితే, కోవూరు వైపు పోయిన బండివాళ్ల చేత తెప్పించాడు. దాన్ని దంచి, పిండి, రసం తీసేసరికి ఆమె చేతులు నల్లబడ్డాయి.

కుక్క కషాయం తాగేది కాదు. పళ్లు బిగించేది. ఆమె దాని మొహం ఒడిలో పెట్టుకుని, దవడ పక్కన చెంప సాగదీసి, గరిటెతో కొంచెం కొంచెం పోసేది.

"మింగరా నాయనా. మా నాయన గూడా ఇట్టే మొండికేసినాడు. మింగినాక ఇరవై ఏండ్లు బతికినాడు."

అన్న తెప్ప కట్టి వచ్చి, వాకిట్లో కూర్చుని ఇదంతా చూసేవాడు.

"నడుం పట్టేసిందని నేను మూడు రోజులు మూలిగితే ఒక్క లోటా వేన్నీళ్లు కాచియ్యలే. కుక్కకు రాజవైద్యం."

"నువ్వు గూడా తోపులో నిలబడి ఏడువు. నీకూ కాస్తా."

"ఆ ఉలవకట్టన్నా ఇటియ్యి. చారన్నా పెట్టుకుంటా."

"వాడు తాగినాక మిగిలితే నీకు."

అన్న నిజంగానే మిగిలింది తాగేవాడు.

తిండి మార్చడం కష్టమైంది. ఉప్పు తలకాయల వాసన పీల్చినంత దూరంలో బతుకుతూ, చప్పిడి అన్నం మజ్జిగ ఎట్లా తింటుంది? రెండు రోజులు ముట్టలేదు. అప్పుడు వదిన ఉప్పు తగలని పచ్చి చేప రెండు ముక్కలు ఉడికించి, ముళ్లు తీసి, ఆ నీళ్లతో అన్నం కలిపింది. అందులోనే ఆకు. తిన్నది. వారం తిరిగేసరికి రక్తం తగ్గింది. మూడో వారం ఒక సాయంత్రం తోపులో అది కాలెత్తి చాలాసేపు నిలబడి, సన్నగా ఒక్క అరుపు అరిచి, ధారగా పోసింది. అంత ధార చూసి ఎన్నాళ్లయిందో. వదిన అక్కడే కూర్చుని ఇసుక జల్లించినట్టు వేళ్లతో వెతికింది. మిరియమంత రాయి దొరికింది. పసుపుపచ్చగా, గరుకుగా ఉంది. కొంగుతో తుడిచి ఇంటికి తెచ్చి అగ్గిపెట్టెలో దాచింది. వచ్చినవాళ్లందరికీ చూపించింది. మా ఊళ్లో ఆమె వైద్యానికి పేరు వచ్చింది ఆ రాయితోనే.

జబ్బు కుదిరిందని అందరం అనుకున్నాము. ఆ రోజు డాక్టరు నా వేళ్లకు చూపించిన మూటలో ఒక్క రాయి మాత్రమే పడిందని నాకు తెలియాలి. తెలుసు కూడా. కాని కుక్క మళ్లీ కాకుల వెంట పరుగెత్తుతోంది. ఉలవకట్టు మాత్రం వదిన మానలేదు. వాన చినుకులు పడి ఎండ తగ్గింది. మధ్యాహ్నం తిప్పడం రోజు విడిచి రోజయింది, తర్వాత ఎప్పుడో ఒకసారి అయింది. ఆకలి మీద ఇంటికి వచ్చినవాణ్ని తిని పడుకోవడానికే చూసుకునేవాణ్ని.

తర్వాత నెత్తళ్లు, వేలెడేసి చిన్న చేపలు, గుంపులుగా పడ్డ రోజు వచ్చింది. ఏడాదిలో రెండు మూడు రోజులు అట్లా పడతాయి. తెప్పలు నీటికి సమంగా మునిగి వచ్చాయి. దిబ్బ చాలక వాకిట్లో, దారిలో, ఇంటి పక్కన సందులో, ఇసుక కనిపించిన ప్రతిచోటా నెత్తళ్లు పరిచారు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేదు. వదిన నడుముకు కొంగు బిగించి కేకలు వేస్తూ తిరుగుతోంది. నన్ను చూసి ఆగింది.

"అబ్బయ్యా, ఈ ఒక్క పొద్దు వాణ్ని లోపల కట్టెయ్. జబ్బు చేసినోడు, ముందు మాదిరి ఆపుకోలేడేమో. ఇంత సరుకులో చుక్క పడిందంటే ఏం చెయ్యాల?"

వంటింటి గుంజకు కట్టి స్కూలుకు పోయాను. అంతవరకు ఆమె అడిగింది, నేను చేశాను. అందులో ఎవరి తప్పూ లేదు. తెల్లవారుజామున తోపుకు తీసుకుపోయినప్పుడు అది పోసిందా లేదా నేను చూడలేదు. నా ధ్యాస ఆ రోజు స్కూలు తనిఖీకి రావలసిన అధికారి మీద ఉంది.

మధ్యాహ్నం పరుగున వచ్చి నాలుగు ముద్దలు తింటున్నాను. వదిన చేపల చేతులతోనే గడప దగ్గర నిలబడింది.

"పొద్దున్నుంచి రెండు మార్లు ఉలవకట్టు పోసినా. వాడు ఒక్క చుక్క గూడా పొయ్యలే. ఊరికే లేస్తా ఉండాడు, పండుకుంటా ఉండాడు. సందులోంచి ఎత్తుకుపోయి తోపులో దించి రానా? పావుగంట పని."

ఇదీ ఆ క్షణం. డాక్టరు మాటలు నేను మరిచిపోలేదు. ఒక పూటంతా చుక్క పడలేదంటే. పోసేకొద్దీ సంచి ఉబ్బుతుంది. కుక్క మూలన పడుకుని నా వైపే చూస్తోంది. ఎప్పటి చూపే. కడవ వైపు చూసే ఆ చూపు.

"వద్దు వదినా. ఇంట్లో పొయ్యకూడదని దానికి తెలుసు, అందుకే ఆపుకుంటోంది," అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. "ఎవరు నేర్పారనుకున్నావు?"

ఆమె నవ్వింది. "నీ శిష్యుడే," అని పోయింది. పోతూ, మధ్యాహ్నం పొయ్యవలసిన ఉలవకట్టు కూడా పోసింది.

తనిఖీ అధికారి ఆ రోజు రాలేదు.

సాయంత్రం తోపుకు ఎత్తుకునే పోయాను. నడవడానికి అది ఇష్టపడలేదు. దించగానే మొదటి చెట్టు దగ్గర కాలెత్తింది. ఏమీ పడలేదు. రెండో చెట్టు. మూడో చెట్టు. ఎప్పుడూ పోసే చెట్లన్నీ వరసగా తిరిగింది, చెప్పినట్టు చేస్తున్నానని చూపించడానికన్నట్టు. పొట్ట కింద డాక్టరు పెట్టిన చోటే వేళ్లు పెట్టాను. కొబ్బరికాయలా బిగిసి ఉంది. ఆపుకోవడం లేదు అది. పొయ్యలేకపోతోంది. పొద్దున్నుంచీ పొయ్యలేకపోతోంది.

చీకటి పడ్డాక కాలువ దాటించడానికి పడవ ఉండదు. తెల్లవారగానే వదిన చేపల గంపలో గోనెపట్టా పరిచి, దాన్ని పడుకోబెట్టి, గంప నెత్తికెత్తుకుంది. నేను మోస్తానంటే ఇవ్వలేదు. "నీకు గంప మొయ్యడం రాదు, కుదుపుతావు," అంది. అప్పటికి కుక్క రెండుసార్లు వాంతి చేసుకుంది. ఒళ్లు చల్లబడుతోంది. పడవలో వదిన గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాలువ సగం దాటామో లేదో, కుక్క తల ఒకసారి ఎత్తి, మళ్లీ పెట్టింది. ఆమె చెయ్యి దాని మీదే ఉంది. కొంచెంసేపటికి చెయ్యి తీసింది.

కాలువ అవతల గట్టున, కొండపిండి మొక్కలుండే చోట, పడవవాడి పార అడిగి గుంట తీశాను. వదిన గంప పక్కన కూర్చుని ఏడ్చింది. అంతకు ముందు ఆమె ఏడవగా నేను చూసింది ఒక్కసారే, నేను ట్రైనింగుకు పోయిన రోజు.

"నేనే గదా కట్టెయ్యమన్నది," అంది. "కట్టెయ్యమనకుంటే వాడు యాడనో ఒక చోట పోసుకునేవాడు. పడితే పడనీలే అనుకోలేకపోతి. చేపల కోసం చంపుకుంటి."

చెప్పడానికి అంతకన్నా తగిన సమయం ఉండదు. కట్టడం వల్ల కాదు వదినా. రాయి అడ్డం పడింది. కట్టినా విప్పినా పడేది. ఒక పూట చూసి పరుగెత్తుకు రమ్మని డాక్టరు నాకు చెప్పాడు, నేను నీకు చెప్పలేదు. నువ్వు మధ్యాహ్నం అడిగావు, నేను వద్దన్నాను. ఆ రాళ్లు దాని కడుపులో చేరింది కూడా నేను నీళ్లు పెట్టనందుకు. ఇంతే మాటలు. పడవవాడు పక్కనే నిలబడి వింటున్నాడు. నేను పార చేతిలో పట్టుకుని, "ఊరుకో వదినా," అన్నాను.

ఓదార్పుగా అన్నాను. ఆమె దాన్ని క్షమించినట్టుగా తీసుకుంది. అంటే తప్పు ఆమెదేనని నేను ఒప్పుకున్నట్టు.

ఆ తర్వాత ఎవరి కుక్క జబ్బుపడ్డా, ఆవుకు మూత్రం బంధించినా, మనుషులకు నడుం కింద పోటు వచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. అగ్గిపెట్టె తెచ్చి రాయి చూపించేది. ఉలవకట్టు, పల్లేరు, ఆకు, చప్పిడి తిండి. అన్నీ చెప్పి, చివర ఆ మాట. ఇంట్లో ఉంటే నాకు వినిపించేది. పుస్తకం చదువుకుంటూ ఉంటే ఆ పేజీ మళ్లీ మొదట్నుంచి చదవవలసి వచ్చేది. ఆమె ఏడుస్తూ చెప్పేది కాదు, మందు మోతాదు చెప్పినట్టు చెప్పేది. ఏ వైద్యుడూ తన తప్పును మందులో భాగంగా చెప్పడం నేను వినలేదు. ఆమె చెప్పింది, పైగా తనది కాని తప్పును.

ఒకసారి చెప్పబోయాను. ఆమె చేపలు తిరగేస్తోంది, నేను పక్కన కూర్చున్నాను. మా దిబ్బ మీద ఆ రోజుల్లో రెండు ఊరకుక్కలు తిరిగేవి. ఆమె వాటిని తోలేది కాదు. వాటికోసం పగలంతా ఒక చట్టి నిండా మంచినీళ్లు ఉంచేది.

"ఆ రోజు డాక్టరు ఒక మాట చెప్పాడు వదినా," అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "ఏం చెప్పినాడు?"

"మద్రాసులో అయితే కోసి తీస్తారని."

"ఆఁ, మనం మద్రాసు యాడ పోతాం," అని మళ్లీ చేపలు తిరగేసింది.

పోయిన వర్షాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో ఆమె పోయింది. చెప్పడానికి ఆ నాలుగు రోజులూ ఉన్నాయి. జ్వరంలో ఉన్న మనిషికి ఇప్పుడెందుకని అనుకున్నాను. ఆమె బాగున్నప్పుడు, బాగున్న మనిషిని బాధపెట్టడం ఎందుకని అనుకునేవాణ్ని.

రెండు నెలల కిందట మా ఊరి చివరింటి ఆయన వచ్చాడు. తెప్ప మీద మా అన్నతో కలిసి పోయేవాడు. కుక్క రెండు రోజులుగా బొట్టు బొట్టుగా పోస్తోందట.

"అమ్మ లేకపాయె. మీకన్నా తెలుస్తుందని వొచ్చినా అయివోరా. ఏం పొయ్యాల?"

అన్నీ చెప్పాను. ఉలవకట్టు, పల్లేరు, ఆకు. ఉప్పుచేప వద్దని, నీళ్లు పగలంతా ముందు పెట్టమని, నాలుగైదు సార్లు తిప్పమని చెప్పాను. ఒక పూట చుక్క పడకపోతే కషాయం మానేసి వెంటనే నెల్లూరు తీసుకుపొమ్మని, ఆ మాట రెండుసార్లు చెప్పాను.

"కట్టెయ్యగూడదు గదా," అన్నాడతను. "అమ్మ చెప్పేది. ఆమె కట్టేసినందుకే గదా మీ కుక్క పోయింది."

"కాదు," అన్నాను. "ఆమె వల్ల కాదు. నా వల్ల పోయింది. డాక్టరు నాకు చెప్పాడు, నేను ఆమెకు చెప్పలేదు. ఆమె అడిగితే నేనే ఆపాను."

అతను వాకిట్లోకి తిరిగి చూశాడు. వాకిట్లో అతని కుక్క కాళ్లు దూరంగా పెట్టి నిలబడి ఉంది.

"ఎప్పటి మాటో గదా అయివోరా," అన్నాడు. "ఉలవకట్టు పొద్దుకు ఎన్ని మార్లంటిరి?"

"మూడు మార్లు," అన్నాను. "చుక్క పడుతున్నంతవరకే."